పసుపు రాసిన వంతెన

2010 ఫిబ్రవరి 20, శనివారం. ముందురోజు వండిన అన్నంలో మాగాయ కలుపుకుని, వంటింటి గట్టు దగ్గర నిలబడే తిన్నాను. కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదని భయం. రెండింటికి పిల్లలు వస్తారు. ఈలోగా గరాజ్‌లో హీటర్ వెయ్యాలి, బల్ల తుడవాలి, నేల మీద ఎండిపోయిన జిగురు చుక్కలు గీకాలి. తలుచుకుంటేనే నడుం పట్టేసింది. మాగాయ మాత్రం బాగుంది. ఎవరో ఇచ్చిన సీసా. ఎవరిచ్చారో గుర్తులేదు, అడుగున ఇంకా కాస్త మిగిలే ఉంది.

షాంటిలీలో మా ఇంటి గరాజ్‌లో ఈ శనివారం క్లాసు మొదలుపెట్టింది నేను కాదు, మా ఆవిడ రాధారాణి. తను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైంది. నేను రోడ్ల శాఖలో ఉద్యోగమంతా వంతెనల కిందికి దూరి పగుళ్లు వెతికినవాణ్ణి. "మీరు చూసిన పగుళ్లన్నీ మీతోనే పోవాలా? పిల్లలకి చెప్పండి" అనేది. చెప్పింది ఎక్కువగా తనే. ఐస్‌క్రీమ్ పుల్లలు, స్ట్రాలు, పాత న్యూస్‌పేపర్లు, దారం, బళ్లో వాడే తెల్ల జిగురు. అంతే సరంజామా. వాటితోనే పిల్లల చేత గోపురాలు, వంతెనలు కట్టించేది.

మొదటి రోజు పాఠం ఎప్పుడూ ఒక్కటే. ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి ఒకరినొకరు తొయ్యమనేది. తర్వాత వేళ్లు మెలేసి లాగమనేది. "తోస్తున్నప్పుడు చేతులు విడిపోయాయా? లేదు కదా. అప్పుడు పట్టుకోవాల్సిన పనే లేదు. లాగినప్పుడే పట్టు కావాలి. వంతెనలో ప్రతి పుల్లా ఈ రెండిట్లో ఏదో ఒకటి చేస్తూ ఉంటుంది. నీ పుల్ల ఏం చేస్తోందో నువ్వు కనుక్కో."

తరువాత తనకి జబ్బు చేసింది. మూడేళ్లు హాస్పిటల్‌కీ ఇంటికీ తిరిగాం. కిందటి ఏడాదికి ముందు ఏడాది, ఆకులు రాలే రోజుల్లో వెళ్లిపోయింది. ఆ పై శనివారం నలుగురు పిల్లలు యథాప్రకారం వచ్చి గరాజ్ ముందు నిలబడ్డారు. వెళ్లిపొమ్మని చెప్పడానికి నోరు రాలేదు. అలా సాగుతోంది. ఈ వేసవికి ముందే మానేద్దామని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

మా క్లాసుకి ఒక నియమం ఉంది. వంతెనలు ఇంటికి వెళ్లకూడదు. అది కూడా రాధారాణి పెట్టిందే. మొదటి ఏడాది ఒక పిల్లవాడి వంతెన వంకర కాళ్లతో ఇంటికి వెళ్లి, మరుసటి వారం నిటారు కాళ్లతో, కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్‌తో సహా తిరిగొచ్చింది. మన తెలుగిళ్లలో నాన్నలందరూ ఇంజినీర్లే. సగం మంది సివిలో మెకానికలో చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లు. పుల్లలూ జిగురూ కంటపడితే వాళ్ల చేతులు ఊరుకోవు.

ఈ ఫిబ్రవరిలో ఆ నియమం నేనే తప్పాల్సి వచ్చింది. వారంలో రెండు తుఫాన్లు. మోకాళ్లు దాటి మంచు పడింది. గరాజ్ ఫ్రిజ్‌లా తయారైంది, జిగురు ఆరడం మానేసింది. ఇక గత్యంతరం లేక పిల్లల్ని వంతెనలు ఇంటికి పట్టుకెళ్లి పూర్తి చేసుకు రమ్మన్నాను. "ఎవరూ చెయ్యి పెట్టకండి" అని నాన్నలకి చెప్పాను. చాలా బుద్ధిగా తలలూపారు.

ఆ రోజే చరిత వాళ్ల నాన్న యోగానంద్ డ్రైవ్‌వేలో మంచు కుప్పల మధ్య నన్ను పక్కకి పిలిచాడు. చరితకి పదేళ్లు. మా క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల. యోగానంద్ వరంగల్‌లో సివిల్ చదివి, ఇప్పుడు ఆష్‌బర్న్‌లో డేటాబేస్‌లు చూసుకుంటాడు. మంచివాడు. తొందర మనిషి.

"అంకుల్, ఏమీ అనుకోకండి. నెక్స్ట్ వీక్ దీనికి లాస్ట్ క్లాస్. మ్యాథ్ కోచింగ్‌లో సీట్ దొరికింది, అది కూడా సాటర్‌డేనే. మిడిల్ స్కూల్‌కి ముందే స్టార్ట్ చెయ్యకపోతే వెనకపడిపోతుంది."

"అలాగే బాబూ" అన్నాను. నిజం చెప్పాలంటే బాధకంటే ముందు కొంచెం హాయి కలిగింది. ఒకరు తగ్గితే మిగతావాళ్లకి చెప్పడం కూడా తేలికవుతుంది.

అప్పుడు చరిత నోరు విప్పింది. వంతెన ఉన్న అట్టపెట్టెను పొట్టకి కరిపించుకుని నిలబడి ఉంది.

"డాడీ, నా బ్రిడ్జ్ రైస్ బ్యాగ్ మోస్తే?"

"ఏ రైస్ బ్యాగ్?"

"ట్వంటీ పౌండ్స్ ది. అంకుల్ టెస్ట్‌లో పెడతారు కదా. అది మోస్తే నేను సమ్మర్ వరకు వస్తా. మొయ్యకపోతే కోచింగ్. ఏడవను."

యోగానంద్ నవ్వాడు. "ఐస్‌క్రీమ్ పుల్లల మీద ట్వంటీ పౌండ్సా? డీల్" అని చెయ్యి చాచాడు. ఆ పిల్ల పెట్టె కింద పెట్టి, గ్లవ్ తీసి మరీ చెయ్యి కలిపింది. ఆ పిల్ల తనకి ఫలానాది కావాలని అడగడం నేను చూడటం అదే మొదలు.

ఇక ఆ ఇరవయ్యో తేదీ శనివారం. ఇద్దరు పిల్లలు జ్వరాలతో రాలేదు. ముందు రవి వచ్చాడు. తొమ్మిదేళ్ల వాడు, వాగుడుకాయ. వాడి వంతెన బల్ల మీద పెట్టగానే పెద్దవాళ్లు వాడే ఎపాక్సీ జిగురు వాసన గుప్పుమంది. పుల్లలన్నీ గీత గీసినట్టు ఉన్నాయి.

"చాలా బాగుంది. ఎవరు కట్టారు?"

"నేనే అంకుల్. డాడీ హెల్ప్ చెయ్యలేదు. జస్ట్ చూశారు."

"ఎంతసేపు చూశారు?"

వాడు నిజాయితీగా ఆలోచించాడు. "నేను స్లీప్‌కి వెళ్లిపోయాక కూడా చూశారు."

తరువాత చరిత వచ్చింది. వెనకాలే వాళ్ల నానమ్మ శేషమ్మగారు, చీర మీద కొడుకు జాకెట్ వేసుకుని, చేతిలో ఒక డబ్బాతో. ఆవిడది చీరాల దగ్గర. ఆరు నెలలు ఉందామని వచ్చారు, చలికి మొదటి వారమే విసిగిపోయారు.

"యోగి నాలుగింటికి వస్తానన్నాడు అన్నయ్యగారూ. ఇయ్యాళ పిల్లదాని పరీక్ష కదా, నేనూ చూద్దామని వచ్చా. గారెలు తెచ్చా, చల్లారకముందే తినండి."

చరిత పెట్టె విప్పింది. రవి ఒక్క గెంతు గెంతాడు.

"చరితా! నీ బ్రిడ్జికి పెళ్లా?"

వంతెన అడుగున రెండు పక్కలా పొడవాటి పుల్లల వరసకి ఈ చివర నుంచి ఆ చివర దాకా దట్టంగా పసుపు. ఒక్కో అతుకు దగ్గరా గుండ్రటి కుంకుమ బొట్టు. మా గరాజ్ మొత్తంలో రంగున్న వస్తువు అదొక్కటే.

"నవ్వబాకరా అబ్బాయ్" అన్నారు శేషమ్మగారు. "కొత్త కారు కొంటే పెట్టుకోమా? పిల్లలు కొత్త పుస్తకం తెస్తే పెట్టుకోమా? ఇంత కష్టపడి కట్టింది, ఉత్తనే ఎట్టా పంపేది? నానమ్మా, అతుకుల దగ్గరే బలం ఉండాలి అని ఇది నాకు వారమంతా చెప్తానే ఉంది. అందుకని నిన్న సాయంత్రం అతుకు అతుక్కీ పెట్టా. కింద కర్ర గడపలాంటిది కదా, దానికి బాగా పట్టించా."

"బాగా పట్టించా" అంటే పసుపు నీళ్లలో కలిపే పట్టించి ఉండాలి. తెల్ల జిగురు ఆరాక కూడా నీళ్లు తగిలితే మెత్తబడిపోతుంది. అందుకే పిల్లల బట్టలకి అంటినా ఉతికితే పోతుంది. నేను కళ్లజోడు సరిచేసుకుని, చూస్తున్నట్టు నటిస్తూ ఒక అతుకు మీద వేలు పెట్టాను. పుల్లలు కొనకి కొన ఆనించి, పైన చిన్న ముక్క అతికించిన అతుకు. ముక్క వేలి కింద కదిలింది. అంచున జిగురు పాలలా తెల్లగా ఉబ్బి ఉంది. పక్కదీ అంతే. లోపలివైపు అంటించిన ఏటవాలు పుల్లలు గట్టిగానే ఉన్నాయి. పైన పొడవాటి వరస కూడా బాగానే ఉంది. పాడైంది అడుగు వరసే.

వంతెన మీద బరువు పెడితే పై వరస నొక్కుకుంటుంది, అడుగు వరస సాగుతుంది. సాగేచోటే పట్టు కావాలి. ఆ పట్టే పోయింది.

తలెత్తేసరికి చరిత నన్నే చూస్తోంది. కళ్లనిండా తడి. హీటర్ సరిచేసే నెపంతో మూలకి వెళ్లాను. వెనకే వచ్చింది.

"మార్నింగ్ నేను టచ్ చేశాను అంకుల్. సాఫ్ట్ అయింది. నానమ్మకి చెప్పొద్దు. షీ విల్ క్రై."

"మీ డాడీతో చెప్పనా? ఇంకో వారం గడువు అడుగుతాను."

"డాడీ నానమ్మని అరుస్తారు. అరిచాక సారీ చెప్తారు, కానీ అరుస్తారు." ముక్కు ఎగబీల్చింది. "అండ్ నెక్స్ట్ సాటర్‌డే కోచింగ్ స్టార్ట్."

వంటింట్లో శేషమ్మగారికి టీ ఇచ్చే వంకతో కూర్చోబెట్టి, ఆ ముక్కలన్నీ పీకి కొత్తవి అతికించవచ్చు. కానీ ఆ చలిలో నాలుగింటికి ఆరవు. పోనీలే, కోచింగ్‌కే వెళ్లనీ అనుకోవచ్చు కూడా. ఒక నిమిషం అలాగే అనుకున్నాను. అలిసిపోయిన మనిషికి ఎదుటివాళ్ల నష్టం కూడా ఒక విశ్రాంతిలా కనిపిస్తుంది.

అంతలో హీటర్ దగ్గర ఎర్రబడిన ఆ పిల్ల చేతులు కనబడ్డాయి. రాధారాణి చేసినట్టే, నా రెండు అరచేతులూ గుండె ముందు ఎదురెదురుగా ఆనించి, మోచేతులు బయటికి పెట్టి, గట్టిగా నొక్కాను.

అటువైపు నుంచి శేషమ్మగారు కంగారుగా లేచి నాకు తిరిగి నమస్కారం పెట్టారు.

చరిత మాత్రం నా చేతుల్నే చూస్తూ నిలబడింది. తన చేతులు కూడా అలాగే ఆనించి ఒకసారి నొక్కింది. తర్వాత వేళ్లు మెలేసి లాగింది. మళ్లీ నొక్కింది. బల్ల దగ్గరికి పరిగెత్తింది.

నాలుగింటికి యోగానంద్ వచ్చేసరికి రవి వంతెన పరీక్ష అయిపోయింది. రెండు స్టూళ్ల మధ్య వంతెన, దాని మీద చిన్న చెక్క, చెక్క మీద ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా. మోసింది. కిర్రుమని కూడా అనలేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు, రవితో సహా. వాడప్పటికే మూడో గారె తింటున్నాడు.

"చరితా, రెడీనా?" అన్నాడు యోగానంద్ చేతులు రుద్దుకుంటూ.

చరిత వంతెనని స్టూళ్ల మీద పెట్టింది. తిరగేసి పెట్టింది. పసుపు వరస పైకి వచ్చింది.

"అరే, అప్‌సైడ్ డౌన్ పెట్టింది!" అని అరిచాడు రవి.

"ఇట్టాగే బాగుంది" అన్నారు శేషమ్మగారు. "ఇప్పుడు బొట్లు అందరికీ కనపడతన్నాయి."

యోగానంద్ మాత్రం కనుబొమలు ముడిచాడు. వంగి చూశాడు. "ఎందుకు తిప్పావు?"

"ఈ సైడ్ జాయింట్స్ వీక్ డాడీ. ఎల్లో సైడ్. అది కింద ఉంటే పుల్ అవుతుంది, ఓపెన్ అయిపోతుంది. పైన ఉంటే పుష్ అవుతుంది. పుష్ అయితే స్టిక్స్ ఒకదాన్ని ఒకటి తోసుకుంటాయి. అప్పుడు గ్లూ అక్కర్లేదు." అరచేతులు ఆనించి చూపించింది.

యోగానంద్ వేలితో గాలిలో కిందికి ఒక బాణం గీశాడు. పెదవులు కదులుతున్నాయి. ఎప్పుడో పరీక్షల కోసం బట్టీ పట్టి వదిలేసిందేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు. తర్వాత నాన్న గొంతు వచ్చేసింది. "వీక్ ఎందుకైంది? సరిగ్గా ఆరనివ్వలేదా? ముందే చెక్ చేసుకోవద్దా?"

చరిత నేల చూపులు చూసింది. "చేసుకోవాలి. సారీ."

నా నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఆ పిల్ల నన్ను అడిగింది అదొక్కటే కదా.

బస్తా యోగానందే ఎత్తాడు. కింద పెడుతున్నప్పుడు అతని చేతులు చాలా నెమ్మదిగా కదిలాయి. ఓడిపోవాలని కోరుకుంటున్న నాన్న అలా పెట్టడు. సగం బరువు పడగానే ఎక్కడో టిక్కుమంది. వంతెన నడుం కొంచెం కిందికి దిగింది. పైన పసుపు అతుకుల దగ్గర పుల్లలు కొనలు కొనలు ఒత్తుకున్నాయి. మెత్తని జిగురు అంచుల్లోంచి పసుపు పచ్చగా ఉబికింది.

"వదలండి డాడీ."

"పడిపోతుందేమోరా."

"వదలండి."

వదిలాడు. నిలబడింది.

రవి గారె నమలడం ఆపాడు. "ఇంకొంచెం చూద్దాం" అన్నాడు యోగానంద్, అని మోకాళ్ల మీద కూర్చుని వంతెన కిందికి తొంగి చూశాడు. అతని ముఖం స్టూలు అంచున, కుర్రవాడి ముఖంలా ఉంది. "లోయర్ కార్డ్ టెన్షన్... అంటే కింది వరస సాగుతోంది... అవును... వీళ్ల వయసులో నాకెవరూ ఇట్లా చూపించలేదు అంకుల్. డైరెక్ట్‌గా ఫార్ములాలే." 

"ఇక దించు బాబూ. పిల్ల ఊపిరి పీల్చుకోవాలి" అన్నాను.

అతను బస్తా ఎత్తాడు. చరిత వంతెనని రెండు చేతులతో పట్టుకుని పైకి తీసింది. తియ్యగానే నడిమికి రెండుగా విడిపోయింది. పసుపు ముక్కలు టపటపా రాలాయి.

"బ్రేక్ అయింది! బ్రేక్ అయింది!" రవి గంతులు.

"దించాకే కదరా" అన్నాడు యోగానంద్.

అవును, దించాకే. బరువు ఉన్నంతసేపూ ఆ పుల్లలు ఒకదాన్ని ఒకటి నొక్కుకుని నిలబడ్డాయి. నొక్కేది పోయాక నిలబడటానికి ఏమీ మిగల్లేదు. వంతెనల సంగతి ఎలా ఉన్నా, ఇది నాకు కొత్త విషయం కాదు. మూడేళ్లు మందులూ, అపాయింట్‌మెంట్లూ, రాధారాణి కాళ్ల కింద దిండ్లూ. అప్పుడెవరూ నన్ను నీరసంగా ఉన్నావేమని అడగలేదు. నేనూ అనుకోలేదు.

చరిత రెండు ముక్కలూ పట్టుకుని నాన్న వంక చూసింది. అడగలేదు. చూసిందంతే.

యోగానంద్ జేబులోంచి ఫోన్ తీశాడు, మళ్లీ పెట్టేశాడు. "సండే బ్యాచ్ ఉందేమో కనుక్కుంటా. సాటర్‌డే ఇక్కడికే. సమ్మర్ దాకా. డీల్ అంటే డీల్."

"సండే కూడానా?" అంది చరిత.

"సండే కూడా."

ఆ పిల్ల నిట్టూర్చింది, తర్వాత నవ్వింది. అటు గెలుపూ ఇటు చాకిరీ, రెండూ ఒకేసారి దొరికిన నవ్వు. నాకూ అప్పుడే తట్టింది. ఆమెకి సమ్మర్ దాకా అంటే నాకూ సమ్మర్ దాకానే. ఆ జిగురు చుక్కలన్నీ మళ్లీ మళ్లీ గీకాలి. ఏమిటో, ఎదురు చెప్పాలనిపించలేదు.

రవిని వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లింది. యోగానంద్ మా ఇంటి ముందు మిగిలిన మంచు గడ్డల్ని పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు, అడక్కుండానే. శేషమ్మగారు చీపురు అందుకున్నారు. వద్దన్నా వినలేదు. ఊడుస్తూ ఊడుస్తూ నా దగ్గర ఆగారు. చరిత అలమర దగ్గర డబ్బాలు సర్దుతోంది.

"అన్నయ్యగారూ, పసుపు తడికేనా మెత్తబడింది?"

నా ముఖం చూసి ఆవిడే తల ఊపేశారు.

"ఎల్లో సైడ్ అంది కదా. ఎల్లో అంటే పసుపని నాకు తెలుసులే. నాలుగు నెలలుగా ఇక్కడేగా ఉన్నా." చీపురు నేలకేసి రెండుసార్లు తట్టారు. "వాళ్ల నాన్న చేత మాట పడింది గానీ నా పేరు చెప్పలా. నాకు తెలిసిందని దానికి చెప్పబాకండి. మంచిపని చేశాననుకుంటా ఉంది, అనుకోనీ."

"చెప్పను చెల్లెమ్మగారూ."

"ఈసారి పొడి కుంకుమే పెడతా."

"అది పెట్టండి. దానికేం ఇబ్బంది లేదు."

మిగిలిన గారెల డబ్బా వంటింట్లో పెట్టడానికి లోపలికి వెళ్లాను. గట్టు దగ్గర నిలబడే ఒకటి తిన్నాను. చల్లారినా మెత్తగానే ఉంది, మధ్యలో అల్లం ముక్క తగిలింది. ముందు గదిలో కుర్చీ కనబడింది. వాళ్లు వెళ్లేటప్పుడు లేద్దాంలే అని కూర్చున్నాను. కిటికీ బయట చీకటి పడుతోంది. యోగానంద్ పార చప్పుడు ఒక లయలో వస్తోంది. కళ్లు మూతలుపడ్డాయి.

"నానమ్మా, అంకుల్ స్లీపింగ్."

"ఉష్... లేపబాక. ఆ కుంపటి ఆపేశావా?"

"ఆపేశా. గరాజ్ డోర్ కూడా వేసేశా. నా బ్రిడ్జ్ పీసెస్ షెల్ఫ్‌లో పెట్టా. నెక్స్ట్ వీక్ మళ్లీ కడతా."

"ఇక్కడే ఉండనీ. ఇంటికి తేబాక."

పార చప్పుడు ఆగింది. కారు స్టార్ట్ అయింది. లేచి ఒక మాట చెప్పాలి, గారెలు బాగున్నాయని, నాన్న దగ్గర ఏడవకుండా నిలబడినందుకు చరితకి శభాషని. లేవలేకపోయాను. కళ్లు తెరవలేదు కూడా. శేషమ్మగారి చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వెళ్లి ఆగింది. ముందు గది లైటు ఆరింది. వీధి తలుపు దగ్గరికి లాగి, గడియ టక్కుమనకుండా పిడి తిప్పి పట్టుకుని, ఆవిడ నెమ్మదిగా మూసేశారు.